పెద్దవాళ్లు ఇంట్లో ఎందుకు పడిపోతున్నారు?

తుంటి విరిగి ఆసుపత్రికి వచ్చే పెద్దవాళ్లలో ఎక్కువమంది రోడ్డు మీద పడినవాళ్లు కారు. మంచం దిగుతూనో, స్నానాల గదిలోనో, పెరట్లో బోరు దగ్గరో, గడప దాటుతూనో పడినవాళ్లే. "ఎలా పడ్డారమ్మా?" అని అడిగితే వెంట వచ్చినవాళ్లు సాధారణంగా చెప్పే మాట ఒకటే. "కాలు జారింది సిస్టరమ్మా." ఇంకొందరు, "వయసు అయిపోయింది కదండీ, ఏం చేస్తాం" అంటారు.

ఈ రెండు మాటల వల్లా అసలు కారణం మరుగున పడిపోతోంది. అదే నేల మీద ఇంట్లో మిగతా అందరూ రోజూ నడుస్తున్నారు. ఆ పెద్దావిడకే కాలు ఎందుకు జారింది? కాస్త నిదానంగా కూర్చుని అడిగితే ఒక్కొక్కటే బయటికి వస్తుంది. ఈమధ్యనే బి.పి. మాత్ర మార్చారు. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తారు. ఒక కంట్లో శుక్లం ఉంది. మోకాళ్ల నొప్పులని ఏడాదిగా వాకిలి దాటలేదు. ఆరు నెలల కిందట కూడా ఒకసారి పడ్డారు, కానీ ఎవరికీ చెప్పలేదు. ఇన్ని కలిసిన తర్వాత ఒక రాత్రి తడి నేల తోడైంది. మనకు కనబడింది ఆ తడి నేల ఒక్కటే.

వయసు పెరగటాన్ని మనం ఆపలేం. కానీ పైన చెప్పిన వాటిలో ప్రతిదానికీ ఏదో ఒక ఉపాయం ఉంది. ఆ కారణాలను పడకముందే ఎలా గుర్తించాలో తెలుసుకుందాం.

ఇది ఎంత పెద్ద సమస్య?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది కింద పడటం వల్ల చనిపోతున్నారు. ప్రమాద మరణాలలో రోడ్డు ప్రమాదాల తర్వాత రెండో స్థానం దీనిదే. 65 ఏళ్లు దాటినవారిలో నూటికి 28 నుంచి 35 మంది ఏడాదిలో ఒకసారైనా పడతారని అదే సంస్థ 2007లో చెప్పింది.

పడినవారందరికీ ఎముకలు విరగవు. అయితే విరిగినప్పుడు ఆ దెబ్బ ఇల్లంతటికీ తగులుతుంది. ముఖ్యంగా తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, నెలల తరబడి ఇంకొకరి సాయం తప్పవు. పూర్వంలా నడవలేకపోయేవారు చాలామంది. మంచం మీద ఉండిపోతే వీపున పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టటం వంటివి వస్తాయి. ప్రాణం మీదికి వచ్చేది చాలాసార్లు వీటి వల్లనే.

ఎముక విరగకపోయినా ఒక నష్టం ఉంది. అది భయం. ఒకసారి పడినవారు మళ్లీ పడతామేమోనని నడక తగ్గిస్తారు. గుడికి వెళ్లటం మానేస్తారు. పక్కింటికి కూడా వెళ్లరు. నడక తగ్గితే కాళ్లలో బలం తగ్గుతుంది. బలం తగ్గితే నిజంగానే మళ్లీ పడతారు.

ఒక్క కారణం కాదు

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ మేరీ టినెట్టి, ఆమె సహచరులు సొంత ఇళ్లలో ఉంటున్న 75 ఏళ్లు పైబడిన 336 మందిని ఏడాదిపాటు గమనించి 1988లో ఆ వివరాలు ప్రచురించారు. వారిలో 108 మంది ఆ ఏడాదిలో పడ్డారు. మందులు, జ్ఞాపకశక్తి, కాళ్ల బలం, నడకలో తేడా, పాదాల సమస్యలు వంటి ముప్పు కారణాలను వారు ఒక్కొక్కటిగా లెక్కించారు. ఏ కారణమూ లేనివారిలో పడే అవకాశం నూటికి 8 మాత్రమే. నాలుగు లేక అంతకన్నా ఎక్కువ కారణాలు ఉన్నవారిలో అది నూటికి 78.

ఆరేళ్ల తర్వాత, 1994లో, అదే బృందం ఇంకో పరిశోధన ప్రచురించింది. 70 ఏళ్లు దాటిన 301 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపువారికి మందులు సరిచేశారు, జాగ్రత్తలు నేర్పారు, వ్యాయామం చేయించారు. ఏడాదిలో ఆ గుంపులో నూటికి 35 మంది పడ్డారు. అటువంటి సాయం అందని గుంపులో 47 మంది పడ్డారు. కారణాలన్నీ పోకపోయినా కొన్నింటిని తగ్గించినందుకే అంత తేడా వచ్చింది. మన ఇళ్లలో చేయవలసిన పని కూడా ఇదే. ఉన్న నాలుగు కారణాలను రెండుకు తగ్గించగలిగినా మేలే.

మొదటిసారి పడినప్పుడు ఎందుకు చెప్పరు?

గడచిన ఏడాదిలో ఒకసారి పడినవారు మళ్లీ పడే అవకాశం మిగతావారికన్నా ఎక్కువ. కాబట్టి మేము అడిగే మొదటి ప్రశ్న, "ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా?" అన్నదే. దీనికి పెద్దలు నిజం చెప్పటం తక్కువ. "లేదమ్మా" అంటారు. పక్కనున్న మనుమరాలు, "మొన్న దొడ్లో పడ్డావుగా నాయనమ్మా!" అని గుర్తుచేస్తుంది.

ఎందుకు దాస్తారు? చెబితే ఇంట్లో కోప్పడతారని. "ఒక్కచోట కూర్చోలేవా?" అంటారని. ఊరు విడిచి కొడుకు దగ్గరికి రమ్మంటారని. ఆసుపత్రి ఖర్చు అవుతుందని. కోడలికి పని పెరుగుతుందని. కొందరు మొగవాళ్లకు చెప్పుకోవటం నామోషీ.

కాబట్టి అడిగే తీరు మార్చుకోండి. "పడ్డావా?" అని గద్దించవద్దు. "ఈమధ్య ఎక్కడైనా తూలినట్టు అయిందా? పడబోయి గోడ పట్టుకున్నావా?" అని అడగండి. పడబోయి ఆగిన సంగతి కూడా హెచ్చరికే. చెప్పినప్పుడు కోప్పడవద్దు. ఎక్కడ, ఏ వేళలో, ఏం చేస్తుండగా, ఏ మాత్ర వేసుకున్న తర్వాత అని మెల్లగా తెలుసుకోండి. ఈ నాలుగు వివరాలు డాక్టరుగారికి చాలా ఉపయోగపడతాయి.

శరీరంలో ఉండే కారణాలు

కాళ్ల బలం, నిలకడ: అన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేకపోవటం, పాదాలు ఈడ్చి నడవటం, తిరగబోతే తూలటం గమనించండి. మోకాళ్ల అరుగుదల, పక్షవాతం తర్వాత మిగిలిన బలహీనత, వణుకుడు జబ్బు అయిన పార్కిన్సన్ ఉన్నవారిలో ముప్పు ఎక్కువ. నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న పల్లెల్లో కొందరు పెద్దలకు వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. వారు తూలితే వెంటనే సర్దుకోలేరు.

లేవగానే బి.పి. పడిపోవటం: పడుకున్న మనిషి లేచి నిలబడితే రక్తం కాళ్లలోకి దిగుతుంది. వయసులో ఉన్నవారి శరీరం వెంటనే సర్దుకుంటుంది. పెద్దల్లో అది ఆలస్యమవుతుంది. కళ్లు తిరిగి, ఎదుట చీకట్లు కమ్మి పడిపోతారు. తెల్లవారుజామున మంచం దిగేటప్పుడు, కడుపునిండా భోజనం చేసి లేచేటప్పుడు, ప్రార్థనకు చాలాసేపు మోకరించి లేచేటప్పుడు ఇలా జరుగుతుంది. మే నెల ఎండల్లో, విరేచనాలప్పుడు, ఉపవాసం ఉన్న రోజుల్లో ఒంట్లో నీరు తగ్గి ఇది ఎక్కువవుతుంది. లేచేముందు మంచం అంచున కాళ్లు కిందికి వేలాడేసి ఒకటి రెండు నిమిషాలు కూర్చోవాలి. పాదాలను పైకీ కిందికీ ఆడించాలి. తర్వాత ఏదైనా పట్టుకుని నిలబడి, తల తేలికగా ఉందేమో చూసుకుని అడుగు వేయాలి.

కళ్లు: శుక్లం ఉన్నవారికి గడపకూ నేలకూ తేడా తెలియదు, మసక వెలుతురులో మరీ కష్టం. ఇంగ్లండులో 70 ఏళ్లు దాటిన స్త్రీల మీద జరిపి 2005లో ప్రచురించిన పరిశోధనలో, మొదటి కంటికి శుక్లం ఆపరేషన్ త్వరగా చేసిన గుంపులో పడటం 34 శాతం తగ్గింది. "ఇంకో కన్ను కనబడుతోందిగా" అని ఏళ్ల తరబడి వాయిదా వేయవద్దు. దూరానికీ, దగ్గరికీ కలిపి ఉన్న అద్దాలు పెట్టుకునేవారు మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త. కింది సగంలోంచి చూస్తే మెట్టు మసకగా కనబడుతుంది.

పాదాలు: చాలాకాలంగా చక్కెర వ్యాధి ఉన్నవారికి అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది. దూది మీద నడుస్తున్నట్టు ఉందంటారు. కాలి కింద ఏముందో తెలియకపోతే నిలకడ తప్పుతుంది. ఆనెలు, పెరిగిన గోళ్లు, పగుళ్లు నొప్పిపెట్టినా నడక వంకర అవుతుంది.

మూత్రం: ఆపుకోలేక పరుగెత్తటం, రాత్రి పలుమార్లు లేవటం పడిపోవటానికి పెద్ద కారణం. ప్రోస్టేటు సమస్య ఉన్న మొగవాళ్లు, మూత్రంలో మంట ఉన్న ఆడవాళ్లు సిగ్గుపడి దాచుకుంటారు. వీటికి వైద్యం ఉంది.

ఇవి కాక రక్తహీనత, గుండె లయ తప్పటం, చెవిలోపలి భాగం వల్ల వచ్చే తల తిరుగుడు, మతిమరుపు, దిగులు, మద్యం కూడా కారణాలే. పక్క మీద అటు ఇటు దొర్లినప్పుడే గది గిర్రున తిరుగుతుంటే అది చాలాసార్లు చెవికి సంబంధించినది. డాక్టరుగారు తలను ఒక పద్ధతిలో తిప్పి దాన్ని తగ్గించగలరు. ఇంకొక మాట. ఎన్నడూ పడని మనిషి రెండు మూడు రోజుల్లో పదేపదే పడుతుంటే లోపల జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నెమ్ము, పక్షవాతం వంటిది మొదలవుతుందేమోనని అనుమానించి వెంటనే చూపించాలి.

మాత్రల డబ్బా తెరిచి చూడండి

పెద్దవాళ్ల తలదిండు పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అందులో గుండె డాక్టరు రాసినవి, ఎముకల డాక్టరు రాసినవి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, పక్కింటావిడకు పనిచేశాయని తెచ్చుకున్నవి అన్నీ కలిసి ఉంటాయి. రోజూ వేసుకునే మందులు నాలుగు దాటితే పడే ముప్పు పెరుగుతుంది. కొన్ని రకాలతో మరీ ఎక్కువ.

నిద్రమాత్రలు, ఆందోళనకు ఇచ్చే మాత్రలు: అల్‌ప్రజోలం, డయాజెపాం వంటివి. వీటి మత్తు పెద్దల్లో మర్నాటి వరకు ఉంటుంది. రాత్రి మూత్రానికి లేచినప్పుడు తూలతారు.

నరాల నొప్పులకు, దిగులుకు ఇచ్చే అమిట్రిప్టిలిన్ వంటివి: మత్తుతో పాటు లేవగానే బి.పి. తగ్గిస్తాయి.

జలుబు, దురద మాత్రలు: క్లోర్‌ఫెనిరమైన్ వంటివి మత్తు కలిగిస్తాయి. చాలామంది వీటిని మందుల కిందే లెక్క వేయరు.

బి.పి. మందులు, నీరు దిగే మాత్రలు, ప్రోస్టేటుకు ఇచ్చే ప్రాజోసిన్, టామ్సులోసిన్: మోతాదు పెంచిన మొదటి రోజుల్లో జాగ్రత్త. నీరు దిగే మాత్ర సాయంత్రం వేసుకుంటే రాత్రంతా లేవవలసి వస్తుంది. ఉదయానికి మార్చవచ్చేమో అడగండి.

చక్కెర మాత్రలు, ఇన్సులిన్: మందు వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే చక్కెర పడిపోయి చెమట, వణుకు వచ్చి పడిపోతారు. గ్లైబెంక్లమైడ్ వంటి మాత్రలతో ఇది పెద్దల్లో ఎక్కువ.

ఇది చదివి ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపవద్దు. బి.పి. మాత్ర ఆపితే పక్షవాతం రావచ్చు. చాలాకాలంగా వేసుకుంటున్న నిద్రమాత్రను ఒక్కసారిగా ఆపితే కూడా ప్రమాదమే. చేయవలసింది ఒక్కటే. ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆ డబ్బా మొత్తం సంచిలో వేసుకుని తీసుకురండి. "మా అమ్మ పడుతోంది, వీటిలో ఏది తగ్గించవచ్చు?" అని అడగండి.

విటమిన్ డి గురించి కూడా అడుగుతుంటారు. లోపం ఉన్నవారికి అవసరమే. కానీ ఎక్కువ వేస్తే ఎక్కువ బలం అనుకోకూడదు. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు దాటిన స్త్రీలకు ఏడాదికి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, ఇవ్వనివారికన్నా వారే ఎక్కువగా పడ్డారు, ఎముకలు కూడా ఎక్కువ విరిగాయి. ఆ వివరాలు 2010లో వెలువడ్డాయి. డాక్టరుగారు చెప్పిన మోతాదునే చెప్పినంత కాలమే వాడండి.

మంచం నుంచి మరుగుదొడ్డి వరకు

ఇల్లంతా ఒక్కరోజులో మార్చలేం. ముందుగా మీ పెద్దలు రాత్రి నడిచే దారిని చూడండి. రాత్రి పది గంటలకు పెద్ద లైట్లు ఆర్పి, వారు ఎలా నడుస్తారో అలాగే మంచం నుంచి మరుగుదొడ్డి వరకు మీరు నడవండి. దారిలో ఏముందో మీకే తెలుస్తుంది.

మంచం మరీ ఎత్తుగా ఉండకూడదు, మరీ పల్లంగా ఉండకూడదు. కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. కుంగిపోయిన నులక మంచంలోంచి లేవటం కాళ్ల బలం లేనివారికి కష్టం. దుప్పటి కొంగులు కిందికి వేలాడకూడదు. చేతికి అందేంతలో స్విచ్చి గాని, టార్చి గాని ఉండాలి. కరెంటు పోయినా వెలిగే చిన్న దీపం ఉంటే ఇంకా మంచిది.

దారిలో గోనెపట్టలు, అంచులు లేచిన పట్టాలు, ఫోను చార్జరు తీగలు, పిల్లల బొమ్మలు, నీళ్ల బిందెలు ఉండకూడదు. గడపకు తెల్లగానో పచ్చగానో రంగు అంచు వేయండి, మసక చూపులోనూ కనబడుతుంది. వరండా మెట్లకూ అలాగే. మెట్లకు ఒక పక్కనైనా పట్టుకునే కడ్డీ ఉండాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు స్నానాల గది. ఇప్పుడు చాలా ఇళ్లలో నున్నటి టైల్స్ వేస్తున్నారు. వాటి మీద సబ్బు నీళ్లు పడితే కాలు నిలవదు. గరుకు టైల్స్ వేయించటం మంచిది. వీలుకాకపోతే కింద రబ్బరు పట్టు ఉన్న చాప వేయండి. పెరట్లో బోరు, తొట్టి చుట్టూ పట్టిన పాచిని వారానికోసారి బ్లీచింగు పొడి వేసి తోమించండి. నిలబడి కాకుండా కూర్చుని స్నానం చేయాలి. దానికి నాలుగు కాళ్లకూ రబ్బరు తొడుగులున్న గట్టి స్టూలు కావాలి. పల్చటి ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు తడి టైల్స్ మీద విచ్చుకుపోతాయి.

కింద కూర్చునే మరుగుదొడ్డి నుంచి లేవలేక పక్కకు ఒరిగిపోయేవారున్నారు. పైన పెట్టుకునే కమోడు కుర్చీలు వైద్య పరికరాలు అమ్మే షాపుల్లో దొరుకుతాయి. రాత్రిళ్లు మంచం పక్కనే పెట్టుకోవచ్చు కూడా. దొడ్డి పక్క గోడకూ, స్నానం చేసే చోటా స్టీలు కడ్డీ బిగించండి. తువ్వాలు వేసుకునే కడ్డీని పట్టుకుని లేవటం చాలామందికి అలవాటు. అది మనిషి బరువును ఆపదు, మేకులతో సహా ఊడి వస్తుంది. ఇంకొక ముఖ్య విషయం. పెద్దలు లోపల గడియ పెట్టుకోకుండా చూడండి. లోపల పడితే తలుపు పగలగొట్టవలసి వస్తుంది. తలుపు బయటికి తెరుచుకునేలా ఉంటే మంచిది. లోపలికి తెరుచుకునే తలుపుకు పడిన మనిషే అడ్డుగా ఉంటారు.

రోజూ వాడే వస్తువులు నడుము ఎత్తులో పెట్టండి. అటక మీది ఆవకాయ జాడీ కోసం స్టూలు ఎక్కి పడ్డవారు తక్కువేమీ కారు.

ఇంట్లో ఇలాంటి మార్పుల వల్ల పడటం సుమారు 26 శాతం తగ్గిందని 2023లో వెలువడిన కాక్రేన్ సమీక్ష చెప్పింది. అప్పటికే పడినవారు, పనులకు ఇంకొకరి సాయం కావలసినవారు వంటి ఎక్కువ ముప్పు ఉన్నవారిలో అయితే 38 శాతం తగ్గింది.

కట్టు, చెప్పులు, చేతికర్ర

చీర కుచ్చిళ్లు, పంచె అంచు, నైటీ అంచు కాళ్లకు అడ్డం పడకూడదు. చీలమండ కనబడేంత ఎత్తులో కట్టుకోవాలి. అరిగిపోయిన హవాయి చెప్పులు తడి నేల మీద జారతాయి. మడమను పట్టి ఉంచే, అడుగు గరుకుగా ఉండే చెప్పులు వాడాలి. నున్నటి నేల మీద ఉత్త మేజోళ్లతో నడవకూడదు.

చేతికర్ర పట్టుకోవటానికి సిగ్గుపడవద్దు. కర్ర ఎత్తు ముఖ్యం. చేయి కిందికి వదిలి నిలబడితే కర్ర పిడి మణికట్టు దగ్గరికి రావాలి. నొప్పి కాలుకు ఎదురు చేత్తో పట్టుకోవాలి. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. అడుగున రబ్బరు అరిగితే వెంటనే మార్చాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, కళ్లజోళ్లు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన అనే కేంద్ర పథకం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. మీ జిల్లాలో శిబిరం ఎప్పుడో వృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయంలో కనుక్కోండి.

పడతారని నడక మాన్పించవద్దు

ఇది చాలా ఇళ్లలో జరుగుతోంది. అమ్మ ఒకసారి పడగానే, "ఇక నువ్వు కదలొద్దు, అన్నీ మంచం దగ్గరికే తెస్తాం" అంటారు. ప్రేమతోనే అంటారు. ఫలితం మాత్రం చెడ్డది. 2007లో ప్రచురించిన ఒక చిన్న పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దలను 10 రోజులు మంచం మీదే ఉంచితే ఒక్క కాళ్ల నుంచే దాదాపు కిలో కండ తగ్గిపోయింది. మరి అప్పటికే బలహీనంగా ఉన్నవారి సంగతి ఆలోచించండి.

కాళ్ల బలం, నిలకడ పెంచే వ్యాయామాలు క్రమంగా చేస్తే పడటం దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని 2019 నాటి కాక్రేన్ సమీక్షలో తేలింది. డాక్టరుగారిని అడిగి ఇవి మొదలుపెట్టవచ్చు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలోంచి 10 సార్లు లేచి కూర్చోవటం. వంటగట్టు పట్టుకుని 10 సార్లు మునివేళ్ల మీద లేవటం. గట్టు పట్టుకునే పక్కకు అడుగులు వేయటం. ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి కాసేపు నిలబడటం. మొదట్లో పక్కన ఒకరు ఉండాలి. వారానికి కనీసం మూడు రోజులు చేయాలి. మానేస్తే వచ్చిన బలం పోతుంది. గుడ్డు, పప్పు, పాలు, చేపలు వంటి మాంసకృత్తులు రోజూ తినాలి. రాత్రి చారు మెతుకులతో సరిపెట్టుకునే పెద్దలకు కండ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంట్లో చేసుకోగల మూడు పరీక్షలు

ఒకటి. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 70 నుంచి 74 ఏళ్లవారిలో స్త్రీలు 10 కన్నా, పురుషులు 12 కన్నా తక్కువ చేస్తే ముప్పు ఉన్నట్టే.

రెండు. కుర్చీ నుంచి 3 మీటర్ల దూరంలో గీత గీయండి. లేచి, మామూలుగా నడిచి, గీత దగ్గర తిరిగి, వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే చూపించాలి.

మూడు. ఇంట్లో బి.పి. మిషను ఉంటే 5 నిమిషాలు పడుకున్న తర్వాత ఒకసారి, నిలబడిన తర్వాత 1 నిమిషానికి, 3 నిమిషాలకు చూడండి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే కాగితం మీద రాసి డాక్టరుగారికి చూపండి.

పరీక్ష చేసేటప్పుడు పక్కన ఒకరు పట్టుకోవటానికి సిద్ధంగా ఉండాలి.

పడితే ఏం చేయాలి?

కంగారుగా చంకలు పట్టి లేపవద్దు. ముందు ఎక్కడ నొప్పి ఉందో అడగండి. ఒక కాలు పొట్టిగా కనబడుతూ పాదం బయటి వైపుకు తిరిగిపోయి ఉంటే, కాలు ఎత్తలేకపోతే తుంటి విరిగిందని అనుకోవాలి. మర్దన చేయవద్దు. నిలబెట్టి చూడవద్దు. తినటానికి ఏమీ పెట్టకుండా 108కి ఫోన్ చేయండి. నాటు కట్టు కట్టించి పది రోజులు చూద్దామనుకుంటే చాలా నష్టం. తుంటి ఆపరేషన్ ఒకటి రెండు రోజుల్లోనే జరిగితే మంచం మీది ఇబ్బందులు తగ్గుతాయి.

తలకు దెబ్బ తగిలి, వారు రక్తం పలచబడే మందులు వేసుకుంటుంటే బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకురండి. పెద్దల్లో తల లోపల రక్తం మెల్లగా చేరుతుంది. రోజుల తర్వాత, ఒక్కోసారి వారాల తర్వాత తలనొప్పి, మగత, మాట తడబాటు కనబడవచ్చు.

దెబ్బ లేదని తేలితే వారే లేచేలా సాయం చేయండి. పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్లూ ఆనించి, గట్టి కుర్చీ దగ్గరికి పాకాలి. కుర్చీ మీద చేతులు పెట్టి, బలమున్న కాలు ముందుకు వేసి లేచి కూర్చోవాలి. ఒంటరిగా ఉండే పెద్దలకు ఈ పద్ధతి ముందుగానే నేర్పించండి.

కొద్దిగా పడినందుకే మణికట్టు గాని, వెన్నుపూస గాని, తుంటి గాని విరిగితే ఎముకలు గుల్లబారాయని అర్థం. కట్టు విప్పించుకుని ఊరుకోకుండా ఎముకల బలానికి కూడా వైద్యం చేయించాలి.

పిల్లలు దూరంగా ఉంటే

ఈ రోజుల్లో పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటే అమ్మానాన్నలు ఊళ్లో ఒంటరిగా ఉంటున్నారు. ఫోనులో "బాగున్నారా?" అంటే "బాగున్నాం" అనే అంటారు. ఈ ప్రశ్నలు అడగండి. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు? కొత్త మాత్ర ఏదైనా ఇచ్చారా? ఈ వారం గుడికి, బజారుకు వెళ్లారా? వెళ్లటం మానేశామంటే ఎందుకో కనుక్కోండి. ఫోను ఎప్పుడూ జేబులోనో, బొడ్లోనో, మెడలో వేసుకునే చిన్న సంచిలోనో ఉండాలి. బీరువా మీద ఉన్న ఫోను నేల మీద పడిన మనిషికి అందదు. తాళం చెవి ఒకటి నమ్మకమైన పొరుగువారి దగ్గర ఉంచండి. పొద్దున్నే ఒకసారి వాళ్లు పలకరించి వెళ్లేలా చూడండి. పడి గంటల తరబడి ఎవరికీ తెలియకుండా నేల మీద ఉండిపోవటం కూడా ప్రాణాంతకమే.

ఈ వారం చేయవలసినవి

1. గడచిన ఏడాదిలో పడ్డారా, పడబోయారా అని నెమ్మదిగా అడగండి.
2. మంచం నుంచి మరుగుదొడ్డి వరకు రాత్రివేళ ఒకసారి నడిచి చూడండి. అడ్డున్నవి తీయండి, వెలుతురు పెట్టండి.
3. మాత్రల డబ్బా సంచిలో వేసి ఆసుపత్రికి తీసుకురండి.
4. పడుకుని, నిలబడి బి.పి. చూడమని అడగండి. ఏడాదిగా కళ్లు చూపించకపోతే చూపించండి.
5. కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం మొదలుపెట్టించండి. మీరూ వారితో కలిసి చేయండి.

ఇందులో ఎక్కువ పనులకు డబ్బు అవసరం లేదు. కాస్త సమయం, ఓపికగా వినటం ఉంటే చాలు. పెద్దవారు పడిన తర్వాత మా వార్డుకు తీసుకువస్తే మేము చేయగలిగినదంతా చేస్తాం. కానీ పడకముందు ఓ.పి.కి నడిపించుకుని తీసుకువస్తే అంతకన్నా ఎక్కువ చేయగలం.